నలుగురు డాక్టర్లు, నాలుగు కారణాలు

తాటిగరువులో నలుగురు డాక్టర్లు కలిసి చాలా ఏళ్ళుగా పరిశోధన చేస్తున్నారన్న సంగతి ఊళ్ళో ఎవరికీ తెలియదు. చేస్తున్న ఆ నలుగురికీ అసలే తెలియదు.

వాళ్ళకు తెలిసిందల్లా ఆదివారం పొద్దున్న ఎనిమిదింటికి డాక్టర్ పట్టాభిగారి వరండాలో పెసరట్లు ఉంటాయని. పట్టాభిగారు, ఆయన భార్య డాక్టర్ హైమ ఒకే ఇంట్లో చెరో గదిలో వైద్యం చేస్తారు. మగవాళ్ళు ఆయన గదికీ, ఆడవాళ్ళు ఆవిడ గదికీ వెళ్ళడం అలవాటు. బస్టాండు దగ్గర క్లినిక్ ఉన్న డాక్టర్ కరీముల్లా స్కూటరు మీద వచ్చేవారు. కాలేజీ హాస్టళ్ళ వీధిలో ప్రాక్టీసు చేసే డాక్టర్ ఎస్తేరు రాణి చర్చికి వెళ్ళేముందు ఓ గంట కూర్చునేవారు. మొదటి పెసరట్టు రాజకీయాలతో అయిపోయేది. రెండోది వేసేసరికి రోగులు మాటల్లోకి వచ్చేవారు.

ఒకసారి కరీముల్లా తన దగ్గరికి చేతుల నిండా దద్దుర్లతో ముగ్గురు పిల్లలు వచ్చారన్నారు. హైమ, నా దగ్గరికి నలుగురు అన్నారు. రాణిగారి దగ్గర ఇద్దరున్నారు. తొమ్మిది మందీ ఒకే బడి పిల్లలనీ, ఆ బడిలో కొత్తగా రంగు బాడ్జీ పట్టీలు చేతికి కట్టారనీ కాఫీ వచ్చేలోపే తేలిపోయింది. పట్టాభిగారు హెడ్మాస్టరుకు ఫోన్ చేశారు. పట్టీలు తీసేశారు. దద్దుర్లు పోయాయి. దాని గురించి ఎవరూ ఒక్క ముక్క కూడా రాసిపెట్టలేదు.

ఈ సంగతిని పట్టాభిగారు జిల్లా వైద్యుల సభలో భోజనాల దగ్గర ఏదో సరదాకి చెప్పారు. పక్కన పెరుగన్నం కలుపుకుంటున్న పెద్దమనిషి చెయ్యి ఆపేశారు. ఆయన ప్రాథమిక వైద్య సమష్టి పరిశోధనా మండలి ప్రాంతీయ సంచాలకులు, డాక్టర్ సర్వోత్తమరావుగారు. రోగిని చూసి పద్దెనిమిదేళ్ళయిన డాక్టరు కావడం వల్ల ఆయనకు వైద్యం గురించి చాలా స్పష్టమైన అభిప్రాయాలున్నాయి.

మీరు చేసింది సాక్షాత్తూ పరిశోధనేననీ, కాకపోతే పద్ధతి లేని పరిశోధన అనీ, పద్ధతి తాము ఇస్తామనీ, అంతర్జాతీయ పత్రికలో ప్రచురిస్తామనీ ఆయన చెప్పారు. వ్యాసకర్తల్లో మొదటి పేరు పట్టాభిగారిదే ఉంటుందని కూడా అన్నారు.

ఆ ఆఖరి మాట దగ్గరే పట్టాభిగారు పడిపోయారు. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఆయన జలుబులూ జ్వరాలూ విరేచనాలూ చూస్తున్నారు. తనతో చదివినవాళ్ళు ప్రొఫెసర్లయ్యారు, డీన్లయ్యారు. ఎక్కడైనా కలిస్తే భుజం తట్టి, "ఏరా పట్టాభీ, ఇంకా దగ్గులే చూస్తున్నావా?" అని అడుగుతారు. వాళ్ళలో ఒక్కడి చేతిలోనైనా తన పేరున్న పత్రిక పెట్టి చదువుకోమనాలని ఆయనకు ఎన్నాళ్ళనుంచో ఉంది. ఇది దురాశ అనడానికి లేదు. మనిషన్నవాడికి ఆ మాత్రం ఉండదా?

నెల తిరక్కుండా కల్యాణమంటపంలో ప్రారంభోత్సవం జరిగింది. జ్యోతి వెలిగించారు. తిరుగుతున్న ఫ్యాను గాలికి అది మూడుసార్లు ఆరిపోతే, ఫ్యాను ఆపి అందరూ చెమటలు కక్కుతూ సర్వోత్తమరావుగారి ప్రసంగం విన్నారు. సహకారమే ప్రాథమిక వైద్యానికి ఊపిరి అనీ, ఒంటరి వైద్యుడి కాలం చెల్లిపోయిందనీ, తాటిగరువు నలుగురూ ఒక్క మనిషిలా పనిచేసి దేశానికి దారి చూపాలనీ ఆయన గంటంబావు సేపు చెప్పారు. తరవాత నలభై ఒక్క పేజీల ఒప్పందం మీద సంతకాలు పెట్టమన్నారు.

పట్టాభిగారు చదవకుండా పెట్టారు. హైమగారికి చదివే అలవాటుంది. ఆరు నెలల పాటు ఊళ్ళో వచ్చే ప్రతి జబ్బునూ, దానికి తమకు తోచిన కారణాన్నీ రాసుకోవడం డాక్టర్ల పని అని మొదటి ఆరు పేజీల్లో ఉంది. ఏడో పేజీ దగ్గర ఆవిడ ఆగి, అందులో ఉన్న మాట పైకే చదివారు. 'సహకరించుచున్న వైద్యులు అధ్యయన కాలమందు రోగుల గురించి గానీ, రోగముల గురించి గానీ పరస్పరము సంభాషించరాదు.' కలిసి పనిచెయ్యడమంటే మాట్లాడుకోవడమే కదా అని అడిగారు.

సర్వోత్తమరావుగారు జాలిగా నవ్వారు.

"అది పాత సహకారం అమ్మా. ఇది శాస్త్రీయ సహకారం. మీరు దద్దుర్లు అన్నారనుకోండి, కరీముల్లాగారికి ప్రతి ఒంటి మీదా దద్దుర్లే కనిపిస్తాయి. దాన్ని మేం అభిప్రాయ సంక్రమణం అంటాం. నలుగురు కలిసి మాట్లాడుకుంటే ఒక్క అభిప్రాయమే మిగులుతుంది. విడివిడిగా ఉంటే నాలుగు మిగులుతాయి. శాస్త్రానికి నాలుగు కావాలి."

నలుగురూ సంతకాలు పెట్టారు. ఆ ఆదివారం నుంచి పెసరట్లు ఆగిపోయాయి.

కరీముల్లా, రాణిగార్ల సంగతి తేలిగ్గానే తేలింది. చిక్కల్లా పట్టాభి దంపతులతోనే వచ్చింది. ఇద్దరు సహ పరిశోధకులు ఒకే కప్పు కింద ఉంటే అధ్యయనం గతి ఏమిటని మండలి కంగారుపడి, ఒక దాంపత్య ఉపసంఘం వేసింది. అందులో ముగ్గురు సభ్యులు. ఒకాయన బ్రహ్మచారి, ఇంకొకాయన విడాకులు తీసుకున్నారు, మూడో ఆవిడ భర్త పదేళ్ళుగా దుబాయిలో ఉన్నారు. కాబట్టి నిష్పాక్షికతకు లోటు లేదు. ఉపసంఘం మూడుసార్లు కూర్చుని నిర్ణయం పంపింది. 'దంపతులైన సహ పరిశోధకులు కాపురము కొనసాగించవచ్చును. సంభాషణ కొనసాగించరాదు.'

అసలు నోరే మెదపకుండా కాపురం ఎలాగని పట్టాభిగారు విన్నవించుకుంటే, దయతలచి అనుబంధం పంపారు. కూరగాయలు, కరెంటు బిల్లు, వాతావరణం, బంధువులు అనే నాలుగు అంశాల మీద మాట్లాడుకోవచ్చు. వాతావరణంలో ఋతువుల వల్ల వచ్చే జబ్బులు రాకూడదు. బంధువులు ఆరోగ్యంగా ఉన్నవాళ్ళయి ఉండాలి.

రెండు గదుల మధ్య ఉన్న గుమ్మానికి ప్లైవుడ్ షీటు కొట్టారు. రోజూ సాయంత్రం దంపతులిద్దరూ విడివిడిగా 'నేటి సంభాషణల ప్రకటన' నింపి ఫోన్లో పంపాలి. బీరకాయ కూరలో ఉప్పు తగ్గిందని పట్టాభిగారు అన్నట్టు హైమ ఒకరోజు రాస్తే, ఆ ఉప్పు తగ్గించడం వెనక రక్తపోటుకు సంబంధించిన ఉద్దేశమేమైనా ఉందా అని మర్నాడు వివరణ అడిగారు. మర్చిపోయాను అని ఆవిడ జవాబిచ్చారు. మరపు ఎన్నాళ్ళ నుంచి ఉంది అని మళ్ళీ అడిగారు.

పట్టాభిగారికి ఒకసారి దగ్గు పట్టుకుంది. దగ్గుతున్నంత సేపూ ఆయన రోగి కిందికి వస్తారు కనక, హైమ ఏమీ అడగడానికి లేదు. ఆవిడ మిరియాల పాలు కాచి ఆయన పక్కన పెట్టి, గోడవైపు తిరిగి కరెంటు బిల్లు ఈసారి ఎక్కువ వచ్చిందన్నారు. ఆయన పాలు తాగి, అవును ఎక్కువే వచ్చింది అన్నారు. ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఇంత శాస్త్రీయంగా వాళ్ళు ఎన్నడూ మెలగలేదు.

మిగతావాళ్ళూ తక్కువ తినలేదు. రైతుబజారులో పట్టాభిగారు వంకాయల దగ్గర కనిపిస్తే కరీముల్లా ఉల్లిపాయల వైపు తిరిగిపోయేవారు. ఒకరింటి పెళ్ళిలో నలుగురినీ నాలుగు బంతుల్లో కూర్చోబెట్టారు. డాక్టర్లకు డాక్టర్లకు పడటం లేదని, ప్రాక్టీసు దగ్గర గొడవలొచ్చాయని ఊళ్ళో అనుకోవడం మొదలైంది. రాణిగారికి వారం రోజులు జ్వరం తగిలితే, ఊళ్ళో ఉన్న ముగ్గురు స్నేహితులకూ చూపించుకోవడానికి వీల్లేక, ఇరవై కిలోమీటర్లు బస్సులో వెళ్ళి ముక్కూమొహం తెలియని డాక్టరుకు చూపించుకొచ్చారు. ఆవిడ త్యాగం గురించి మండలి వార్తాలేఖలో పెట్టెకట్టి వేశారు.

మూడు నెలల సమీక్షలో తాటిగరువుకు ప్రశంసాపత్రం వచ్చింది. 'వైద్యుల మధ్య సంభాషణలు: సున్నా' అని అందులో బంగారు రంగు అక్షరాలతో ఉంది. పట్టాభిగారు దాన్ని గదిలో, డిగ్రీ సర్టిఫికెట్టు పక్కన తగిలించారు.

తొలకరి వానలు పడ్డ రెండు వారాలకు ఆయన దగ్గరికి ఒక ఆటో డ్రైవరు వచ్చాడు. అన్నం వాసనకే వాంతి వస్తోందన్నాడు. కళ్ళు పచ్చగా ఉన్నాయి. కామెర్లు. నాలుగు రోజులకు ఇంకో ఆటో డ్రైవరు వచ్చాడు. మూడోవాడుగా లోవరాజు అనేవాడు వచ్చాడు. ముగ్గురూ ఒకే ఆటోస్టాండు వాళ్ళు కావడంతో పట్టాభిగారికి విషయం చిటికెలో తెలిసిపోయింది. ఆటోస్టాండులో టీ కొట్టుంది. ఆ కొట్టువాడు గ్లాసులు కడిగే నీళ్ళే దీనికి కారణం. రిజిస్టరులో 'కారణం: టీ కొట్టు' అని ఎర్ర సిరాతో రాసి, కింద గీత గీశారు.

లోవరాజుకు మందు రాస్తూ, ఇంట్లో ఎవరెవరు ఉంటారని అడిగారు.

"నేనూ మా ఆవిడ నూకరత్నవేనండి. దానికి ఏడో నెలండి. మీ డాక్టరమ్మగారే చూస్తన్నారు. మళ్ళీ వచ్చే నెల రమ్మన్నారండి."

పట్టాభిగారి పెన్ను ఆగింది. కడుపుతో ఉన్న మనిషికి ఇలాంటి కామెర్లు సోకితే తల్లికీ బిడ్డకీ కూడా ప్రాణం మీదికి వస్తుందని ఆయనకు తెలుసు. ఆ మాట అనబోయారు కూడా. కానీ నూకరత్నం హైమ రోగి. ఒప్పందం పన్నెండో పేజీలో ఉంది, 'ఇతర సహ పరిశోధకుల రోగుల విషయములో జోక్యము, సలహా, సూచన నిషిద్ధము' అని. ఆయన నోటి దాకా వచ్చిన మాట మింగి, తన రోగికి మాత్రం చెప్పారు.

"నువ్వు నీళ్ళు కాచి చల్లార్చి తాగు. టీ కొట్టు వైపు వెళ్ళకు."

లోవరాజు దణ్ణం పెట్టి వెళ్ళాడు. ఆ పూట పట్టాభిగారికి అన్నం సయించలేదు. భోజనం దగ్గర రెండుసార్లు "హైమా" అన్నారు. ఆవిడ తలెత్తితే, దొండకాయలు లేతగా ఉన్నాయన్నారు. ఆవిడ కూడా ఏదో అనబోయి, వాన పట్టేలా ఉందన్నారు.

మర్నాడు ఆయన సర్వోత్తమరావుగారికి ఫోన్ చేసి, ఊళ్ళో కామెర్లు వస్తున్నాయనీ, ఒక్క పది నిమిషాలు మిగతా ముగ్గురితో మాట్లాడటానికి అనుమతి కావాలనీ అడిగారు. ఎన్ని కేసులు అని అటునుంచి ప్రశ్న వచ్చింది. మూడు అన్నారు.

"మూడంటే సంఘటన, డాక్టర్‌గారూ. ముప్ఫై అయితే సమాచారం. మూడు వందలయితే అప్పుడు సత్యం అంటాం. మీరు సంఘటన దగ్గరే కంగారుపడితే శాస్త్రం ఎక్కడికి పోవాలి?"

మూడు వందలయ్యేదాకా ఆగితే ఊరు ఏమవుతుందని పట్టాభిగారు నసిగారు. ఊరి సంగతి ఊరు చూసుకుంటుందనీ, అయినా మినహాయింపు కావాలంటే తొమ్మిదో నంబరు ఫారం ఉందనీ, దాన్ని నలుగురు సహ పరిశోధకులూ చర్చించి, ఏకాభిప్రాయంతో సంతకాలు చేసి పంపాలనీ సర్వోత్తమరావుగారు చెప్పారు. చర్చించకూడదు కదా అని పట్టాభిగారు గుర్తుచేశారు. అందుకే ఇప్పటివరకూ ఆ ఫారం ఎవరూ పంపలేదని ఆయన తృప్తిగా అన్నారు. ఫోన్ పెట్టేసేముందు, పత్రికవాళ్ళు సూత్రప్రాయంగా ఒప్పుకున్నారని, మొదటి పేరు విషయం ఖాయం చేశానని శుభవార్త చెప్పారు.

పట్టాభిగారు నోరు మూసుకున్నారు. ఇక్కడ ఆయన్ని వెనకేసుకు రావడానికి ఏమీ లేదు. ఇంకా ఏడు వారాలే కదా అనుకున్నారు. టీ కొట్టు సంగతి తాను కనిపెట్టేశాననీ, కొట్టువాణ్ణి గ్లాసులు మరిగే నీళ్ళలో కడగమని గట్టిగా కేకలేశాననీ, అంతటితో ఆగిపోతుందనీ తనకు తానే సర్దిచెప్పుకున్నారు.

ఆగలేదు. టీ కొట్టు దగ్గర జనం పలచబడి, కొట్టువాడు దిగాలుగా కూర్చున్నాడు గానీ కామెర్లు మాత్రం వస్తూనే ఉన్నాయి. చిత్రమేమిటంటే, అదే వారంలో ఊళ్ళో మరో ముగ్గురి బతుకులు కూడా ఇలాగే తెల్లారాయి. పెళ్ళిళ్ళకు వంటలు చేసే అచ్చియ్యమ్మకు వరసగా రెండు పెళ్ళిళ్ళవాళ్ళు రావద్దని కబురు పెట్టారు. బస్టాండులో చెరుకురసం బండివాణ్ణి తరిమేశారు. అమ్మాయిల హాస్టల్లో వంటమనిషిని మాన్పించారు. వీటికీ తనకూ సంబంధం ఏమైనా ఉందేమోనని పట్టాభిగారికి అనుమానమైనా రాలేదు. వచ్చినా అడగడానికి మనిషెక్కడ?

ఒక సోమవారం పొద్దున్న, వరండా నిండా జనం ఉండగా, లోవరాజు తన ఆటోనే తోలుకుంటూ వచ్చాడు. వెనక సీట్లో నూకరత్నం పక్కింటావిడ ఒళ్ళో తల పెట్టుకుని పడుకుని ఉంది. దింపుతుంటే కళ్ళు తెరిచింది. పట్టాభిగారు తన కిటికీలోంచి ఆ కళ్ళు చూశారు. పసుపు రాసినట్టున్నాయి.

హైమగారు బయటికి వచ్చి, నాడి చూసి, పేరేమిటని అడిగారు. నూకరత్నం తన పేరు చెప్పడానికి తడుముకుంది. జబ్బు మెదడు దాకా వెళ్ళిందని ఆవిడకు అర్థమైంది. అంబులెన్సు పిలిపించి, చెయ్యగలిగినది చేసి, జిల్లా పెద్దాసుపత్రికి తన చేత్తో ఉత్తరం రాసిచ్చి పంపారు. అంబులెన్సు మలుపు తిరిగేదాకా వరండాలో నిలబడి, లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నారు.

పట్టాభిగారు లేచారు. రెండు గదుల మధ్య ప్లైవుడ్ షీటుకు నాలుగే మేకులున్నాయి. దాన్ని పీకడానికి ఆయనకు అరనిమిషం కూడా పట్టలేదు. ఇన్నాళ్ళూ దాన్ని చూసి భయపడినందుకు సిగ్గేసింది.

"లోవరాజుకు కామెర్లు వచ్చి నెలయింది," అన్నారు. "ఆవిడకి ఏడో నెలని నాకు చెప్పాడు. నేను నీకు చెప్పలేదు."

హైమ బల్ల మీద చేతులు పెట్టుకుని కూర్చుని ఉన్నారు.

"నా దగ్గరికీ ఆరుగురు ఆడవాళ్ళు వచ్చారండి," అన్నారు ఆవిడ. "అందరూ ఒకే పెళ్ళిలో భోంచేశారు. అచ్చియ్యమ్మ వంట అనుకున్నాను. ఆ పెళ్ళికి వెళ్ళనివాళ్ళకి భయం లేదనుకున్నాను. ఊళ్ళో ఇంకా ఉందని ఒక్క మాట తెలిస్తే, కడుపుతో ఉన్నవాళ్ళందర్నీ పిలిపించి చూసేదాన్ని."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"మీ పేరు పడుతుందని ఎంత ఆశపడుతున్నారో చూస్తున్నాను కదా. నా వల్ల చెడిపోకూడదనుకున్నాను."

ఆవిడ ఆయన వంక చూడకుండానే ఫోన్ తీసి కరీముల్లాకూ, రాణిగారికీ చేశారు. నియమం, ఒప్పందం అని వాళ్ళేమైనా అన్నారేమో తెలియదు గానీ, పావుగంటలో ఇద్దరూ రిజిస్టర్లు చంకన పెట్టుకుని వచ్చారు. వరండాలో రోగుల మధ్యే నాలుగు కుర్చీలు వేసుకున్నారు.

కరీముల్లా రిజిస్టరులో చెరుకురసం బండి అని ఉంది. రాణిగారి దాంట్లో హాస్టల్ వంటమనిషి అని ఉంది. పట్టాభిగారి టీ కొట్టు, హైమ పెళ్ళి భోజనం సరేసరి. నలుగురి దగ్గరా కలిపి ఇరవై రెండు కేసులు. ఎవరు ఏం తిన్నారన్నది పక్కనపెట్టి, ఎవరు ఎక్కడుంటారని రాణిగారు అడిగారు. పేర్లు, వీధులు చదువుతూ పోయారు. టీ తాగని వాళ్ళున్నారు, పెళ్ళికి వెళ్ళనివాళ్ళున్నారు. కానీ ఇరవై రెండు మందీ కొత్త ట్యాంకు నీళ్ళు వచ్చే నాలుగు వీధులవాళ్ళే. బెంచీ మీద వినికిడి తగ్గిందని వచ్చి కూర్చున్న ఒక ముసలాయన ఇదంతా విని, వానలకు ముందు మురిక్కాలవ తవ్వినప్పుడు ఆ ట్యాంకు నీళ్ళ గొట్టం పగిలిందనీ, దానికి గోనెపట్టా చుట్టి పూడ్చేశారనీ, తాము చూస్తూనే ఉన్నామనీ చెప్పాడు.

మొత్తం నలభై నిమిషాలు పట్టింది. మధ్యాహ్నానికల్లా పంచాయతీ వాళ్ళు వాల్వు కట్టేసి గొట్టం మార్చే పని మొదలుపెట్టారు. సాయంత్రం నలుగురు డాక్టర్లూ నాలుగు వీధులూ తిరిగి, గడప గడపకూ నీళ్ళు కాచుకోమని చెప్పారు. ఆ తరవాత అచ్చియ్యమ్మ దగ్గరికీ, మిగతా ముగ్గురి దగ్గరికీ వెళ్ళారు. అచ్చియ్యమ్మ వాళ్ళని కూర్చోమనలేదు.

నూకరత్నం పందొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉండి బతికి బయటపడింది. బిడ్డ దక్కలేదు.

నియమోల్లంఘన గురించి నాలుగు ప్రకటనలు మండలికి వెళ్ళాయి. పట్టాభిగారు తమని తొలగించమని, ఏ శిక్షయినా వెయ్యమని, వ్యాసం అక్కర్లేదని రాశారు. ఆ ఉత్తరం ఆయన రాసినవాటిలోకెల్లా చిన్నదీ, మంచిదీనూ. మండలి అత్యవసరంగా సమావేశమైంది. సర్వోత్తమరావుగారు స్వయంగా ఫోన్ చేశారు.

సోమవారం ఉదయం తొమ్మిది తరవాతి సమాచారం చెల్లదనీ, వైద్యులు మాట్లాడుకున్నందువల్ల కేసులు ఉన్నట్టుండి ఆగిపోయి గ్రాఫు పాడైపోయిందనీ ఆయన బాధపడ్డారు. అయితే దానికి ముందున్న సమాచారం మాత్రం అమూల్యమన్నారు.

"ఒకే గొట్టం, ఒకే నీళ్ళు, ఒకే జబ్బు. నలుగురు వైద్యులు నాలుగు వేర్వేరు కారణాలు కనిపెట్టారు. ఒక్కటి కూడా నిజం కాదు, ఒకదానితో ఒకటి కలవదు. అభిప్రాయ సంక్రమణం లేశమైనా జరగలేదనడానికి ఇంతకన్నా రుజువు ప్రపంచంలో ఎక్కడుందండీ? మా పద్ధతి గెలిచింది డాక్టర్‌గారూ."

పేరు తీసెయ్యమని పట్టాభిగారు మూడుసార్లు రాశారు. పేరు ఉపసంహరణకు సహ పరిశోధకుల ఏకాభిప్రాయం కావాలి, ఫారం పంపుతున్నాం అని మూడుసార్లూ జవాబు వచ్చింది. ఫారం రాలేదు, పత్రిక వచ్చింది. నున్నటి కాగితం, మొదటి పేజీలో మొదటి పేరు ఆయనదే. నాలుగో పేజీలో ఆయన ఫోటో కూడా వేశారు. ఆ వారంలోనే ఒక డీన్ మిత్రుడు ఫోన్ చేసి అభినందించాడు. పట్టాభిగారు వినిపించడం లేదని పెట్టేశారు.

పత్రిక బల్ల మీద ఉన్న రోజే లోవరాజు మందుల చీటీ కోసం వచ్చాడు. మనిషి తేరుకున్నాడు. కళ్ళల్లో పచ్చదనం పోయింది. ఫోటో చూసి గుర్తుపట్టి, పత్రికను రెండు చేతులతో తీసుకున్నాడు.

"ఇది మీరే కదండీ. మన ఊరి కామెర్ల సంగతి రాసేరా అండి ఇందులో?"

రాశారని పట్టాభిగారు ఒప్పుకున్నారు.

"మా నూకరత్నం సంగతీ ఉందాండి?"

లేదని చెప్పెయ్యవచ్చు. అది ఇంగ్లీషు, లోవరాజుకు రాదు. కానీ ఆయనకు ఈమధ్య చెప్పకుండా ఉండటమంటే భయం పట్టుకుంది. మూడో పట్టిక అడుగున చీమలంత అక్షరాల్లో ఉన్నదాన్ని వేలు పెట్టి చూపించి, ఉన్నదున్నట్టు తెలుగులో చెప్పారు. 'ఒక గర్భిణి వేరే ఆసుపత్రికి మారినందున అధ్యయనం మధ్యలో మానుకున్నట్టు పరిగణించడమైనది.'

లోవరాజు ఆ అక్షరాల మీదికి వంగి చూశాడు. అతని మొహంలో కోపం లేదు. ఉన్నా బాగుండేది.

"మేం మానుకోలేదండి," అన్నాడు. "మీరు చెప్పిందల్లా చేసేం. నీళ్ళు కాసుకోమన్నారు కదండీ, రోజూ కాసిందండి. గ్యాసు అయిపోద్దని నా వరకే కాసేది. నేను తాగమంటే, డాక్టరుగారు నీకు చెప్పేరు, నాకు చెప్పలేదు కదా అని అది కుళాయి నీళ్ళే తాగిందండి."

పట్టాభిగారు పత్రిక మూసి పక్కన పెట్టారు. లోవరాజును కూర్చోమని కుర్చీ జరిపి, తలుపు లేని గుమ్మం వైపు తిరిగి, "హైమా, ఒకసారి ఇలా రా. ఇతను చెప్పేది నువ్వు కూడా వినాలి," అని పిలిచారు.